చిన్నోడా, దెయ్యానికి కూడా ఓ లెక్క ఉండాలి

చిన్నోడా,

నువ్వు పంపిన కథలన్నీ చదివాను. ఫోన్లో ఆ చిన్న అక్షరాలు నా వల్ల కాక, వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోదు. దెయ్యాలు బాగానే ఉన్నాయి. మనుషులే కుదరలేదు. "పెద్దమ్మా, చదివేవాళ్ళు కథలో మునిగిపోవాలంటే ఇంకా భయం పెంచాలా" అని అడిగావు కదా, పెంచొద్దు. ఉన్న భయంలో సగం తీసేసి ఆ చోట పాలవాడి బాకీ పెట్టు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు, పొట్టిగా చెప్పడం నాకు రాదని నీకు తెలుసు.

ముందు ఆ ఘాట్ రోడ్డు కథ. నీ హీరో అర్ధరాత్రి దాటాక కారులో తిరుమల కొండెక్కుతూ ఉంటాడు, మోకాళ్ళ మిట్ట దగ్గర తెల్లచీర కట్టుకున్నామె చెయ్యెత్తి లిఫ్ట్ అడుగుతుంది. నాయనా, ఆ టైములో ఘాట్ రోడ్డు మూసేస్తారు కదా, అలిపిరి టోల్‌గేటు దగ్గర వాణ్ణి ఎవరు వదిలారు? పైగా మోకాళ్ళ మిట్ట దగ్గర నడకదారిని ఆనుకుని పోయేది 1944లో తెరిచిన పాత రోడ్డు, అది దిగే బండ్లకి. ఎక్కే బండ్లు 1974లో వచ్చిన రెండో రోడ్డు మీద పోతాయి. అంటే నీ హీరో ఎదురుదారిలో కొండెక్కుతున్నాడు, ఆవిడ దెయ్యమో కాదో తేలేలోపు వీడే ఏ బస్సు కిందో పడతాడు. నువ్వు నవ్వుకున్నా సరే, తిరుపతి వాడు ఎవరు చదివినా అక్కడే కథలోంచి బయటికి వచ్చేస్తాడు. ఊరు తెలియని వాళ్ళకి ఈ తేడా పట్టదు కదా అంటావేమో. పట్టదు, నిజమే, కానీ రాసినవాడు ఆ రోడ్డు మీద లేడన్న సంగతి వాక్యాల్లోంచి ఎట్లాగో వాళ్ళకీ తెలిసిపోతుంది, ఎక్కడ తెలిసిందో చెప్పలేరు, అంతే.

అదే గేటు మూసే టైమునే కథలోకి తెచ్చుకుని చూడు. గేటు వేసే ముందు చివరగా పైకి పోయిన బండి నంబరు గార్డు రాసుకున్నాడు. తెల్లారుజామున గేటు తీయగానే అదే బండి, అదే డ్రైవరు, మళ్ళీ కింది నుంచే వచ్చి నిలబడ్డాడు. "రాత్రే పోయినావు కదయ్యా" అంటే "లేదు సార్, ఇప్పుడే రేణిగుంట నుంచి వస్తా ఉండా" అన్నాడు. ఇంక తెల్లచీర ఎందుకు? గార్డుకి ఇప్పుడు రిజిస్టరులో ఏం రాయాలన్నది సమస్య, డ్యూటీ మారే టైము దగ్గర పడుతోంది, పైఆఫీసరు అడిగితే ఏం చెప్పాలి. చదివేవాడు కూడా ఆ గార్డు పక్కన నిలబడి అదే ఆలోచిస్తాడు. నువ్వు అడిగిన మునిగిపోవడం అంటే ఇదే.

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఇది ఒకరు నేర్పాల్సిన పని కాదు అసలు. మన స్వామి పెళ్ళి కథే తీసుకో. పద్మావతమ్మని చేసుకోవడానికి దేవుడు అప్పు చేశాడు, ఇచ్చింది కుబేరుడు. అక్కడితో ఆగితే అది ఉత్త కల్పనలా ఉండేది. కానీ మన పెద్దవాళ్ళు ఆగలేదు, ఋణపత్రం రాయించారు, సాక్షుల్ని పెట్టారు, ఆ సాక్షుల్లో బ్రహ్మ, శివుడితో పాటు ఒక రావిచెట్టు కూడా ఉంది. కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూ ఉండాలి, హుండీలో మనం వేసేది ఆ వడ్డీకే అని మన ఇళ్ళల్లో చెప్తారు. దేవుడికి అప్పేంటని అడగాల్సినవాళ్ళు వడ్డీ మాట వినేసరికి మెత్తబడిపోతారు, ఎందుకంటే వడ్డీ సంగతి అందరికీ తెలుసు, కొందరికి మరీ ఎక్కువ తెలుసు. చెట్టు వేలిముద్ర ఎట్లా వేసిందని ఎవరూ అడగలేదు ఇంతవరకు. అప్పటికే మనం ఆ పత్రం లోపల కూర్చుని ఉన్నాం.

ఇంకోటి కూడా గమనించు. ఇట్లాంటి కథలన్నీ మన దగ్గర ఏదో ఒక వస్తువుని వదిలిపెట్టి పోతాయి. స్వామి భక్తుడు అనంతాళ్వారు విసిరిన గునపం స్వామి గడ్డానికి తగిలిందన్న కథ ఊరికే గాల్లో లేదు, ఆ గునపం మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంది, స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతూనే ఉన్నారు. స్వామి రాత్రిపూట కొండ దిగి తిరుచానూరు వెళ్తాడు, అందుకే చెప్పులు అరిగిపోతాయి అంటారు, అలిపిరి పాదాల మండపంలో జనం ఆ లోహపు చెప్పులు నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. దేవుడు నడిచాడు అని రాస్తే చదివేవాడు దండం పెట్టి పేజీ తిప్పేస్తాడు. మడమ దగ్గర ఎక్కువ అరిగిందని రాస్తే ఆగి చూస్తాడు. నీ కథల్లో దెయ్యం వచ్చి పోయాక ఏమీ మిగలడం లేదు, ఒక జడపిన్ను లేదు, టీ గ్లాసు మీద మరక లేదు, ఫోన్లో మిస్డ్ కాల్ కూడా లేదు. మిస్డ్ కాల్ వద్దులే, అది అందరూ వాడేశారు.

గంగజాతర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నువ్వు చిన్నప్పుడు చూశావు గానీ రాసేవాడి కళ్ళతో చూడలేదు. తాతయ్యగుంట గంగమ్మ స్వామివారికి చెల్లెలు, కొండ మీద నుంచి సారె వస్తుంది. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. ఇక ఆ రోజుల్లో ఊరు ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకో. మగవాళ్ళు ప్యాంటు మీదే చీర చుట్టుకుని, మీసం తీయకుండానే, వాళ్ళమ్మ కమ్మలు పెట్టుకుని, బైకు మీద పెట్రోలు బంకులో లైన్లో నిలబడి ఉంటారు. బంకు కుర్రాడు తలెత్తి కూడా చూడడు, "ఎంతకి అన్నా" అంటాడు. నువ్వైతే ఏం రాసేవాడివి? "అతన్ని చూసి అందరూ నిర్ఘాంతపోయారు" అని రాసేవాడివి. నీ కథల్లో ప్రతివాడూ నిర్ఘాంతపోతూ ఉంటాడు, అందుకే చదివేవాళ్ళకి నిర్ఘాంతపోయే పని మిగలడం లేదు.

ఆ జాతర వెనక కథ ఇంకా గొప్పది. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు, ఆమె రోజుకో వేషం కట్టి వెతికింది, బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషంలో వస్తే వాడు మోసపోయి బయటికి వచ్చాడు, తల తీసింది. మామూలు కథకుడైతే అక్కడ మంగళం పాడేస్తాడు. మన జాతర అక్కడ ఆగదు, ఆ తర్వాత అమ్మవారు మాతంగి వేషం కట్టి ఆ పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోతుంది! చంపినామె తానే వచ్చి పక్కన కూర్చుని ఊరుకోమ్మా అంటుంది. ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు ఒళ్ళు జలదరించేది ఆ తల నరికిన చోట కాదు, ఇక్కడ. ఆ పెళ్ళానికి తెలుసా తెలియదా? తెలిసీ ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చిందా? నువ్వు నెత్తురు, గోళ్ళు, ఎర్రకళ్ళు అంటూ పేజీలు నింపే బదులు ఇట్లాంటి ఒక్క సందర్భం పట్టుకుంటే చాలు, చూడ్డానికి అందులో వింతేమీ ఉండదు, ఒకామె ఇంకొకామెను ఓదారుస్తోంది అంతే.

చివరి రాత్రి మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం చెంప నరుకుతారు, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఇంటికి తెచ్చుకున్న ఆ మట్టి ముద్ద ఎక్కడ ఉంటుందో తెలుసా, కాగితంలో చుట్టి అమృతాంజనం సీసా పక్కన. జ్వరం వస్తే అదీ రాస్తారు, ఇదీ రాస్తారు, డోలో కూడా వేస్తారు.

నీకు ఇంగ్లీషు పుస్తకాలంటే గౌరవం ఎక్కువ కాబట్టి ఆ దారిలో కూడా చెప్తాను. జర్మన్‌లో రాసిన కాఫ్కా కథ ఒకటి 1915లో అచ్చయింది, ఒకడు పొద్దున లేచేసరికి పురుగైపోయి ఉంటాడు. అంతటివాడికి కలిగే మొదటి టెన్షన్ ఏంటనుకున్నావు, అయిదు గంటల రైలు తప్పిపోయిందే, ఆఫీసులో ఏమంటారో అని. నేను అది చదివినప్పుడు పురుగు కాళ్ళ కంటే ఆ రైలే నన్ను లోపలికి లాగింది. అంతకు చాలా ముందు, 1842లో, ఎడ్గార్ అలన్ పో అనే అమెరికా రచయిత ఒక సమీక్షలో చెప్పిన మాట ఉంది, కథ ఒక్కసారి కూర్చుంటే చదవడం పూర్తయ్యేలా ఉండాలి, మధ్యలో లేస్తే బయటి పనులు చొరబడి దాని పట్టు పోతుందని. అందుకే ఇట్లాంటి కథకి పొడుగు పనికిరాదు. నవలకి అలవాటు పడిన మనిషి వింతకి కూడా అలవాటు పడిపోతాడు. కథలో అయితే అలవాటు పడేలోపు బయటికి తోసేస్తావు, కళ్ళు ఇంకా సర్దుకోకముందే. నీది ముప్పై పేజీలుంది, పది చాలు.

తొదొరొవ్ అని ఫ్రాన్సులో స్థిరపడ్డ విమర్శకుడు 1970లో ఇంకోటి చెప్పాడు. జరిగింది నిజంగా అతీతమైనదా, లేక భ్రమా అని చదివేవాడు తేల్చుకోలేక ఊగుతున్నంతసేపే ఆ రకం కథకి ప్రాణం, ఏదో ఒకటి తేలిపోతే అది వేరే రకం కథ అయిపోతుందని. మంచి మాటే, నీ కథలకి మందులా పనిచేస్తుంది కూడా, నువ్వు ప్రతిసారీ చివర తేల్చేస్తావు కాబట్టి. కానీ మన దగ్గర ఇది పూర్తిగా పొసగదని నా అనుమానం. మన పల్లెల్లో ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు చూడు, అంత ఎత్తు మాను మీద పద్యాలు పాడుకుంటూ ఎక్కుతూ ఉంటే, కింద బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో పడుకుని ఉంటారు, ఆయన పైనుంచి విసిరేది తమ ఒళ్ళో పడాలని. పైనున్నాయన పక్క ఊళ్ళో నాటకాలు వేసే మనిషి అని వాళ్ళకి తెలుసు. ఆయన అర్జునుడనీ తెలుసు. ఈ రెంటి మధ్య వాళ్ళు ఊగడం లేదు, రెండూ ఒకేసారి పట్టుకుని పడుకున్నారు. దిగివచ్చాక ఆయన టీ తాగి బీడీ కాల్చుకుంటాడు, అప్పుడూ ఎవరి నమ్మకం చెడదు. నువ్వు రాయాల్సిన కథ అక్కడ ఉంది. ఊగించే కథలు అందరూ రాస్తున్నారు, రెండూ ఒకేసారి నిజమైన కథ మనవాళ్ళు సులువుగా రాయగలరు, చిన్నప్పట్నుంచీ అట్లా బతికినవాళ్ళం.

సరే, ఊరికే చెప్తే ఎట్లా, నీ రెండో కథనే పట్టుకుందాం, ఆ పాత ఇంటి కథ. చచ్చిపోయిన అత్తగారు అద్దంలో కనిపిస్తుంది, కోడలు కెవ్వుమంటుంది, మాంత్రికుడొస్తాడు. అద్దం తీసెయ్యి, మాంత్రికుణ్ణి బస్సెక్కించి పంపించెయ్యి. మన ఊళ్ళో నీళ్ళ సంగతి నీకు తెలుసు, కళ్యాణి డ్యాము ఎండితే తెలుగు గంగ వైపు చూడ్డం, కొళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసలో పెట్టుకోవడం. ఆ ఇంట్లో నీళ్ళొచ్చే రోజు పొద్దున కోడలు లేచేసరికి బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి, అత్తగారు పెట్టే వరుసలోనే, పెద్దది ముందు. కోడలు కెవ్వుమనదు. "ఎవురు పెట్నారు ఇవి?" అని మొగుడి మీద అరుస్తుంది, వాడు నేను కాదంటాడు. అందులో ఒక ఇత్తడి బిందె ఉంది, అది పంపకాల్లో ఆడబిడ్డకి పోయిన బిందె. ఇప్పుడు కోడలి భయం దెయ్యం గురించి కాదు, ఆడబిడ్డ చూస్తే దొంగతనం అంటగడుతుందని. దాన్ని మంచం కింద దాస్తుంది. మళ్ళీ నీళ్ళ రోజు ఇంకో వస్తువు, పంపకాల్లో పోయిన రోలు. ఇల్లు నిండుతూ ఉంటుంది, కోడలు దాస్తూ ఉంటుంది. చదివేవాడికి లెక్క అర్థమైపోతుంది, నీళ్ళొచ్చిన రోజే, పంపకాల్లో పోయినవే. పంపకాల్లో ఇంకేం పోయిందా అని వాడే వెతుక్కోవడం మొదలుపెడతాడు, నువ్వు చెప్పక్కర్లేదు. వింతకి ఇట్లా ఒక లెక్క పెట్టి ఆ లెక్క నువ్వు తప్పకు. నీ దెయ్యం ఒకచోట గోడలోంచి దూరిపోతుంది, ఇంకోచోట తలుపు కొడుతుంది, ఏంది ఇది? గోడలోంచి రాగలిగినదానికి తలుపుతో పనేంటి? మర్యాద కోసం కొట్టిందంటావా, అయితే అదే రాయి, తలుపు కొట్టకుండా రాని దెయ్యం మంచి కథే.

చందమామ 1947లో మొదలైంది, మీ నాన్న చిన్నప్పుడు దాని కోసం పోస్టుమ్యాన్‌ని వీధి మొదట్లోనే పట్టుకునేవాడు, అదీ బేతాళుడి కోసం. శవం మాట్లాడుతోందని విక్రమార్కుడు ఒక్కసారి కూడా ఆశ్చర్యపోడు చూశావా, ఆయన బాధంతా నోరు తెరిస్తే మోసింది వృథా అవుతుందనే. లెక్క అంటే అంత గట్టిగా ఉండాలి.

భాష గురించి. 'భయంకరమైన', 'వికృతమైన', 'అంతుచిక్కని', ఈ మూడు మాటలూ నీ ప్రింట్లో కనిపించిన చోటల్లా కొట్టేశాను, ఒక పేజీ అయితే ఎర్రగా అయిపోయింది. వింత జరిగే వాక్యం మిగతా వాక్యాల కంటే సాదాగా ఉండాలి, బస్సు టైము చెప్పినట్టు చెప్పు. మాటలు మాత్రం మన యాసలో మాట్లాడించు, చిత్తూరు వైపు మనిషి దెయ్యాన్ని చూసి "ఎవరు నీవు" అనడు, "ఎవురు మే అది" అంటాడు. కథనంలో యాస వద్దులే, దొర్లిస్తే చదివేవాడికి ఆయాసం. వాసనలు వాడు, మామిడికాయల సీజన్లో చిత్తూరు రోడ్డు మీద గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర వచ్చే ఆ పులిసిన తీపి వాసన ఒక్కటి పెట్టినా చదివేవాడు కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు.

ముగింపులో కల అని తేల్చే అలవాటు మానుకో. ఇంకో అలవాటు, చివర ఎవరో పెద్దాయన వచ్చి "ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళ కిందట..." అని వివరం చెప్పడం, పొంగలి దించాక దాన్లో చెంబుడు నీళ్ళు పోసినట్టు ఉంటుంది. ఎందుకు జరిగిందో నీకు తెలిసి ఉండాలి, తప్పదు, లేకపోతే లెక్క తప్పుతావు. కానీ అది నీ నోటుబుక్కులో ఉంటే చాలు.

ఒక్క జాగ్రత్త, ఇది రాత గురించి కాదు, మనుషుల గురించి. పూనకం వచ్చిన ఆడమనిషిని దెయ్యంగా చూపించావు మూడో కథలో. మన వీధిలోనే పూనకం వచ్చేవాళ్ళు ఉన్నారు, జాతరకి నాలుగు రోజులు పస్తుండి, మర్నాడు ఇళ్ళల్లో పనికి పోయేవాళ్ళు. వాళ్ళని భయపెట్టే బొమ్మలుగా వాడుకోకు, ఆమె వైపు నుంచి రాయి. పూనకం దిగాక మోకాళ్ళ నొప్పి, గొంతు బొంగురు, పిల్లాడికి టిఫిన్ పెట్టలేదన్న గాబరా, ఒంటి మీదికి వచ్చినప్పుడు తను ఏమన్నదో పక్కింటామెను అడిగి తెలుసుకోవడం. అడిగితే ఆమె చెప్పకుండా మాట తప్పించింది అనుకో. చూడు, కథ మొదలైపోయింది.

రాయడం అయ్యాక నీలో నువ్వు చదువుకోకు, ఎవరికైనా బయటికి చదివి వినిపించు, అదీ చేతిలో పని ఉన్న మనిషికి. నేనైతే దోసెలు పోసేటప్పుడు వినే రకం. ఎక్కడ దోసె మాడిందో అక్కడ నీ కథ పనిచేసిందని గుర్తు పెట్టుకో, ఎక్కడ నేను "చట్నీ గిన్నె ఇటివ్వు" అన్నానో అక్కడ కొట్టెయ్యి. మీ రూమ్మేట్‌కి చదవకు, వాడు నీ ఫ్రెండు, బాగుందనే అంటాడు.

బిందెల కథ నువ్వే రాసుకో, నాకేం హక్కులు వద్దు. ఘాట్ రోడ్డు కథ మాత్రం తిరగరాసి పంపు, ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టు, పేజీకి ఒకవైపే ప్రింటు వచ్చేలా, దిద్దడానికి నాకు చోటు కావాలి. జాతరకి వస్తానన్నావు కదా, సెలవు సరిగ్గా చూసుకుని రా, చాటింపు పడ్డాక ఆఫీసులో అర్జెంటు పని ఉందంటే మీ నాయనమ్మ నిన్ను బస్టాండు దాకా కూడా పోనివ్వదు. వచ్చేటప్పుడు ఆ మల్లేశ్వరం కాఫీ పొడి అరకిలో పట్టుకురా, చికోరీ లేనిది.

మీ పెద్దమ్మ
బైరాగిపట్టెడ, తిరుపతి